జోనంగికి అంకాపూర్‌లో పని దొరికింది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1979 పదో తరగతి బ్యాచ్. కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేసి, "అన్నా, బ్యాంకులు, పొదుపు గురించి ఓ పావుగంట చెప్పు" అన్నారు. ముప్పై ఏడేళ్లు బ్యాంకులో పనిచేసి, ఆ సంగతులే చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఈసారి కుక్క గురించి చెబుతానన్నాను. ఫోన్‌లో కాసేపు మాట వినిపించలేదు. తర్వాత, "నీ మొరగని కుక్క గురించేనా, అయితే చెప్పు" అన్నారు.

అవును, దాని గురించే. ఊళ్లో సగం మంది దాన్ని చూశారు. లేత గోధుమ రంగు, ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు. ఎప్పుడూ ఏదో దిగులుపడుతున్నట్టు కనిపిస్తుంది. జాతి పేరు జోనంగి. మన ఊరు జొన్న విత్తనానికి పేరుపడ్డది కాబట్టి మా మనవరాలు దానికి జొన్నడు అని పేరు పెట్టింది. మా పక్కింటాయన మొదటి వారం రోజూ వచ్చి చూసేవాడు. "గిదేం కుక్కనే, మొరుగుతనే లేదు. దొంగలొస్తే ఎట్ల?" అని అడిగేవాడు. జోనంగి మామూలు కుక్కలా మొరగదు. గొంతులోంచి సాగదీసి ఒక కూత తీస్తుంది, పాట ఎత్తుకోబోయి ఆగిపోయినట్టు. ఒకరోజు తెల్లవారుజామున ఆ కూత విన్నాక పక్కింటాయన దొంగల మాట మళ్లీ ఎత్తలేదు.

జోనంగి ఎక్కడిదో చెప్పాలంటే కొల్లేరు దాకా పోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో మాకు బదిలీలంటే ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా ఎక్కడికైనా సరే. నన్ను 2003లో కైకలూరు దిక్కు వేశారు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య లోతట్టులో ఉండే మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటివి వచ్చి అందులో కలుస్తాయి. ఎక్కువైన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. చుట్టూ వరి, నీళ్లలో పక్షులు, మధ్యలో లంక గ్రామాలు. కోతలైన పొలాల్లోకి వేల బాతులను తోలుకెళ్లి మేపే కుటుంబాలు అక్కడ ఉండేవి. రాలిన గింజ, నత్త, పురుగు బాతు తింటుంది, దాని రెట్ట పొలానికి ఎరువవుతుంది. ఆ బాతుల మందను చెదరకుండా కాసింది జోనంగి. వేటకు కూడా తీసుకుపోయేవాళ్లు.

నేను వెళ్లేసరికి ఆ కొల్లేరు చాలావరకు లేదు. 1970ల్లో సహకార సంఘాల పేరుతో మొదలైన చేపల చెరువులు తర్వాత సరస్సునే మింగేశాయి. బొచ్చె, శీలావతి చేపలు లారీలకు లారీలు కలకత్తా దిక్కు పోయేవి. ఆ చెరువుల లెక్కలు చూడటమే అప్పుడు నా ఉద్యోగం. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువు గట్లను కొట్టించారు. పొక్లెయిన్లు గట్లు తెంచుతుంటే, ఒక పక్క పక్షుల కోసం సంతోషపడేవాళ్లను, ఇంకో పక్క అప్పు తెచ్చి చెరువు తవ్వి గట్టు మీద కూలబడ్డవాళ్లను ఒకేరోజు చూశాను. ఎవరిది న్యాయమో ఈ సభలో తేలే విషయం కాదు.

వరి పోయి చెరువొచ్చాక బాతుల మందలు తగ్గాయి. మందలు తగ్గాక కుక్కకు పని పోయింది. పని లేని కుక్కకు తిండి పెట్టేవాడు ఉండడు. అవి ఊరిమీద పడి, చెరువుల్లో చేపలు పట్టుకు తినడం మొదలుపెట్టాయి. చేపల రైతులకు శత్రువులయ్యాయి, చాలా వాటిని చంపేశారు. మిగిలినవి వీధికుక్కల్లో కలిసిపోతున్నాయి. నేను అక్కడున్న మూడేళ్లలో చూసిన జోనంగులు నాలుగో ఐదో. అప్పుడు వాటి మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. చూశాను, బాగున్నాయనుకున్నాను, అంతే.

ఆసక్తి పుట్టించింది ఇటలీ కుక్క. మా చిన్నవాడు బొలోన్యాలో చదువుకున్నాడు. 2022లో ఒక వీడియో పంపాడు. గొర్రెపిల్లలా ఉంగరాల బొచ్చున్న కుక్క అడవిలో నేల వాసన చూసుకుంటూ పోయి, ఒకచోట ఆగి, ముందుకాళ్లతో తవ్వుతుంది. ముసలాయన ఒకడు దాన్ని పక్కకు జరిపి, చిన్న పారతో మెల్లగా మట్టి తీసి, ఆలుగడ్డ లాంటిదాన్ని బయటికి తీస్తాడు. దాని పేరు ట్రఫుల్. నేల లోపలే పెరిగే పుట్టగొడుగు అన్నమాట. సింధూరజాతి చెట్లు, హేజెల్ చెట్ల వేర్లను పట్టుకుని బతుకుతుంది. పైన కొమ్మా ఆకూ ఏమీ కనపడవు కాబట్టి మనిషి కంటికి దొరకదు. పండినప్పుడు వచ్చే వాసనే ఆనవాలు. తెల్ల రకం కిలో మన లెక్కలో లక్షల్లో పలుకుతుంది. పూర్వం పందులతో వెతికించేవాళ్లు. పంది దొరికిందాన్ని దొరికినట్టే తినేస్తుంది, పైగా వేర్లన్నీ కుళ్లగిస్తుంది. మన మక్కచేన్లలో అడవిపందులు చేసే పని తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. కుక్క అయితే రొట్టెముక్క ఇస్తే చాలు, ట్రఫుల్ వదిలేస్తుంది.

ఆ కుక్క పేరు లగోట్టో రొమాన్యోలో. దాని కథ చదివినప్పుడు నాకు కొల్లేరు కళ్లముందు కదిలింది. అది మొదట్లో నీటికుక్క. ఇటలీలో కొమాకియో, రవెన్నా దగ్గరి చిత్తడి నేలల్లో వేటగాళ్లు కొట్టిన నీటిపక్షులను ఈదుకుంటూ వెళ్లి తెచ్చేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ చిత్తడి నేలలను ఎండగట్టి సాగులోకి తెచ్చారు. సరస్సు పోయింది, పక్షి పోయింది, కుక్క పని పోయింది. అచ్చం మన జోనంగి కథే కదా! కానీ అక్కడి రైతులు దాన్ని వెంటబెట్టుకుని మైదానాలకు, గుట్టలకు ఎక్కారు. దాని ముక్కును ట్రఫుల్‌కు అలవాటు చేశారు. పక్కన కుందేలు పోయినా తల తిప్పనివాటినే ఎంచుకుని ఈనించారు. అయినా 1970ల నాటికి కలగాపులగం అయిపోయి, అసలు జాతి మిగలదేమో అనే స్థితి వచ్చింది. అప్పుడు ఇమోలా అనే ఊళ్లో కొందరు కూడి, మంచి లక్షణాలున్న కుక్కలను వెతికి, లెక్క రాసి, 1988లో క్లబ్ పెట్టారు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య 1995లో తాత్కాలికంగా, 2005లో పూర్తిగా గుర్తించింది. ఇప్పుడు అది లోకమంతా ఉంది.

పక్కనే క్రొయేషియా ఉంది. జనాభా నలభై లక్షలకు లోపే, అంటే మన హైదరాబాద్ అంత కూడా లేని దేశం. అక్కడ ఇస్ట్రియా ప్రాంతంలో 1999లో డయానా అనే కుక్క ఒక కిలో మూడు వందల పది గ్రాముల తెల్ల ట్రఫుల్ పట్టించి గిన్నిస్ బుక్కుకెక్కించింది. ఆ ప్రాంతం పేరు చెబితే ఇప్పుడు ట్రఫులే గుర్తొస్తుంది, మన పేరు చెబితే నాటుకోడి కూర గుర్తొచ్చినట్టు.

ఇవన్నీ చదివాక జోనంగి దొరుకుతుందా అని వెతకాలనిపించింది. 2023లో రిటైరై ఊరికి వచ్చేశాను. ఆ చలికాలం మూడుసార్లు కొల్లేరు పోయాను. మొదటిసారి పాత ఖాతాదారులు చూపించినవన్నీ వీధికుక్కలే. "జోనంగే సార్, మీరు తీసుకెళ్లండి" అన్నారు, నన్ను సంతోషపెట్టడానికి. రెండోసారి ఒకచోట అచ్చమైన ముసలి ఆడకుక్క కనిపించింది, కానీ దాని ఈత వయసు దాటిపోయింది. మూడోసారి ఒక లంక గ్రామంలో బాతులు మేపే పెద్దాయన దగ్గర తల్లి, తండ్రి, మూడు పిల్లలు కనిపించాయి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమండీ, కుక్కపిల్ల కోసం నిజామాబాద్ నుంచి వచ్చారా? తమకి ఇంట్లో ఏం చెప్పలేదా?" అన్నాడు. ఇంట్లో చాలానే చెప్పారని చెప్పాను. బేరం మాట్లాడబోతే డబ్బు వద్దన్నాడు. మాది పసుపు ఊరని తెలుసుకుని, "అయితే కొమ్ములు ఓ బస్తా పంపండి" అన్నాడు. పంపాను.

పిల్లను చేతికిచ్చేటప్పుడు ఆయన రెండు మాటలు చెప్పాడు. తిండి ఒకరి చేత్తోనే పెట్టాలి, ఎందుకంటే ఇది ఒక మనిషినే నమ్ముకుంటుంది. కోళ్లుంటే వాటి మధ్యలోనే పెంచాలి, పెద్దయ్యాక నేర్పిస్తే వినదు.

ఈ రెండో మాట అంకాపూర్‌లో ప్రాణం మీది మాట. కోడిని పట్టే కుక్క మన ఊళ్లో ఎన్నాళ్లు బతుకుతుందో మీకు తెలుసు! నెలరోజులు జొన్నణ్ణి కోళ్లగూడు పక్కనే కట్టేశాను. కోళ్లకు జొన్నలు చల్లినప్పుడే దానికి రొట్టె, మజ్జిగ పెట్టాను. తాడు విప్పిన రోజు మా ఆవిడ చేతిలో కట్టె పట్టుకుని నిలబడింది. అది పోయి కోళ్ల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. చెదిరిపోయిన పెట్టను ముక్కుతో తట్టి గుంపులోకి పంపింది. మళ్లీ తిరిగింది. ఎవరూ నేర్పలేదు. దాని తాతలు బాతులకు చేసిన పని అది కోళ్లకు చేసింది. ఇప్పుడు సాయంత్రం కోళ్లను గూట్లో చేర్చే పని దానిదే. మా ఆవిడ కట్టె పారేసిందిగానీ, దాన్ని మెచ్చుకున్నట్టు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

రెండో పని అదే వెతుక్కుంది. జోనంగికి తవ్వడమంటే పిచ్చి. పడుకోవడానికి కూడా గుంత తీసుకుంటుంది. ఒంటిమీద బొచ్చు లేదు కాబట్టి మన డిసెంబరు చలికి ఆ గుంతలో గోనెసంచి వెయ్యాల్సి వచ్చింది. పసుపు చేనుకు తీసుకుపోతే బోదెల గట్టున పందికొక్కు బొక్క దగ్గర ఆగి, చెవులు నిక్కించి, ఒక్కసారిగా తవ్వడం మొదలుపెట్టింది. మొదటి రోజు రెండు పందికొక్కులు దొరికాయి, వాటితోపాటు నాలుగు పసుపు కొమ్ములు కూడా పైకొచ్చాయి. ఇటలీ ముసలాయన పార ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది. నేను కూడా ఒక చిన్న గునపం పెట్టుకుని, అది ఆగిన చోట నేనే తవ్వుతున్నాను. చుట్టుపక్కల మక్క రైతులు ఇప్పుడు "జొన్నణ్ణి ఓ పూట పంపు" అని అడుగుతున్నారు. అయితే అది నేను లేకుండా పోదు. కాబట్టి దానితోపాటు నన్ను కూడా పిలుస్తున్నారు, చాయ్ మాత్రం నాకే పోస్తున్నారు.

ఇంతవరకు విని నవ్వారు, సంతోషం. ఇక అసలు సంగతి. జొన్నడికి రెండేళ్లు దాటుతోంది. ఒక్క మగకుక్కతో జాతి నిలవదు. ఈ ఊళ్లో దాన్ని స్వేచ్ఛగా వదిలితే పుట్టేవి సగం జోనంగులు, వాటికి పుట్టేవి పావు జోనంగులు. కొల్లేట్లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ఎవరూ చంపకుండానే పోతుంది. వయసుకొచ్చిన ఆడది కావాలి, అది కూడా దీనికి చెల్లెలు కాని ఇంటి నుంచి రావాలి. ఆ తర్వాత పుట్టే పిల్లలకు, ముద్దుగా ఉందని తీసుకునే ఇళ్లు కాదు, పని చెప్పే ఇళ్లు కావాలి.

పక్క రాష్ట్రం వాళ్లు చూడండి. కర్ణాటకలో ముధోల్ వేటకుక్క కోసం తిమ్మాపూర్‌లో పరిశోధన కేంద్రమే పెట్టారు, 2016లో సైన్యం ఆ కుక్కలను శిక్షణకు మీరట్ తీసుకుపోయింది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది, ముధోల్, రాజపాళయం వాటిలో ఉన్నాయి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దేశీ జాతుల పేర్లు చదివినప్పుడు తమిళనాడు కుక్కలు వరసగా వినిపించాయి. తెలుగువాళ్ల కుక్క పేరు నాకు వినపడలేదు. పసుపు బోర్డు కోసం 2019 ఎన్నికల్లో 178 మంది రైతులు పోటీకి నిలబడ్డ జిల్లా మనది. బోర్డు రావడానికి 2025 దాకా పట్టినా వదల్లేదు. అలాంటివాళ్లం కుక్కకు ఒక రిజిస్టరు పెట్టుకోలేమా అని నాకనిపిస్తుంది.

రిజిస్టరు నేను మొదలుపెట్టాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. మొదటి పేజీలో జొన్నడి ఫొటో, తల్లిదండ్రుల ఫొటోలు, ఎత్తు, బరువు, వేసిన టీకాల తేదీలు ఉన్నాయి. మిగతా పేజీలన్నీ ఖాళీ. మన పూర్వ విద్యార్థుల్లో పశువైద్యులున్నారు. ఆడది దొరికితే రక్తసంబంధం ఎలా చూసుకోవాలో, ఎన్ని జతలైతే జాతి నిలుస్తుందో వాళ్లు నాకు చెప్పాలి. కోళ్ల ఫారాలవాళ్లు, మక్క, పసుపు రైతులు పిల్ల కావాలంటే ఇప్పుడే పేరు రాయించండి. అయితే నా షరతు ఒకటుంది. మొదటి నెల దాన్ని కోళ్ల మధ్యలో పెంచాలి, తిండి ఒకరి చేత్తోనే పెట్టాలి.

వచ్చే నెల మొదటి వారంలో మళ్లీ కొల్లేరు పోతున్నాను. పెద్దాయన ఫోన్ చేసి, కొల్లేటికోట అవతలి లంకలో ఒక ఆడపిల్ల ఉందన్నాడు, తొమ్మిది నెలలదట. ఒక బస్తా పసుపు కొమ్ములు సిద్ధంగా పెట్టాను. కారులో ఇద్దరికి చోటుంది, పశువైద్యులైతే డీజిల్ ఖర్చు నాదే.