ఎర్రర్ ఫోటో నుంచి అసలు ప్రశ్న దాకా

మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఆదివారం పూట ఫ్రీగా పైథాన్ చెప్తే నీకేం వస్తుంది?" డబ్బులైతే రావు (నవ్వు). వచ్చేదేంటో చెప్తా.

బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉంది. బీకాం, తెలుగు మీడియం. మొదటి నెలంతా తన నుంచి ఫోటోలే. స్క్రీన్‌షాట్ కూడా కాదు, లాప్‌టాప్‌ని ఫోన్‌తో తీసిన ఫోటో! కింద "అన్నా, ఎర్రర్". అంతే. ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు కనబడితే చాలు, కంగారు. "నా వల్ల కాదు, మానేస్తా" అని కూడా అంది.

నేను ఆన్సర్ చెప్పడం ఆపేసి, "చివరి లైన్ చదువు" అనేవాణ్ణి. పైథాన్‌లో ఎర్రర్ వస్తే పెద్ద పేరా పడుతుంది కదా, ట్రేస్‌బ్యాక్ అంటారు. అసలు సంగతి అట్టడుగున ఉంటుంది. నేమ్‌ఎర్రర్ అంటే ఆ పేరు దానికి తెలీదని. చాలాసార్లు స్పెల్లింగే. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచైతే "నీ ఉద్దేశం ఇదా?" అని దగ్గర్లో ఉన్న పేరు కూడా చూపిస్తుంది. ఇండెక్స్‌ఎర్రర్ అంటే లిస్ట్‌లో లేని చోటు అడిగావని. 5 ఐటమ్స్ ఉంటే నంబర్లు 0 నుంచి 4 దాకే. ఈ సున్నా గోల అలవాటవడానికి అందరికీ టైమ్ పడుతుంది, కంగారు పడకండి.

మూడో నెలలో ఒక మెసేజ్ వచ్చింది. ఫోటో లేదు.

"అన్నా, మా కిరాణా కొట్టు అప్పుల లెక్కకి ప్రోగ్రామ్ రాశా. నలుగురిలో ముగ్గురి లెక్క కరెక్ట్. చివరాయనది రావట్లేదు. లూప్‌లో ప్రింట్ పెట్టి చూశా, 0, 1, 2 వచ్చి ఆగిపోతోంది. రేంజ్‌లో 3 ఇచ్చా. 3 లెక్కలోకి రాదా?"

చూశారా! ఏది పనిచేస్తోంది, ఏది చేయట్లేదు, తనేం ట్రై చేసింది, డౌట్ ఎక్కడ... అన్నీ ఉన్నాయి. ఆన్సర్ కూడా అందులోనే ఉంది. రేంజ్‌లో ఇచ్చిన చివరి నంబర్ రాదు, 4 ఇవ్వాలి. నేను "అవును, రాదు" అని మాత్రం రాశా. ఫస్ట్ శాలరీ పడ్డరోజు కూడా నాకింత హ్యాపీగా లేదు, నిజంగా. ఏళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉండి కూడా ఇంత క్లియర్‌గా అడగలేనివాళ్ళని ఆఫీసులో చూశా మరి.

ఇప్పుడు గ్రూపులో ఎవరైనా ఉత్త ఫోటో పెడితే నేను ఫోన్ తీసేలోపే తన రిప్లై ఉంటుంది: "చివరి లైన్ చదివావా?"