బ్యాటరీ మార్చుటకు ముందు
(తిరుత్తణిలో మన యువజనుల సమావేశమున చేసిన ప్రసంగము)



తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల మన తెలుగు ఇండ్లలో కొన్నింటి ముంగిట తండ్రిగారు కొన్న పాత బుల్లెట్టు బండి నేటికిని నిలిచియున్నది. అది మనకు పరాయి బండి కాదు. 1955లో మద్రాసు మోటార్సువారు ఆంగ్లదేశపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, మనకు చేరువనున్న తిరువొత్తియూరులో కర్మాగారము నెలకొల్పిరి. ఇట్టి బండ్లకు ముసలితనమున వచ్చు మొదటి జబ్బు దీపము మసకబారుట. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయుదుము.

గత వర్షాకాలమున ఒకనాటి రాత్రి మేము తిరువళ్ళూరునుండి వచ్చుచు కనకమ్మసత్రము దాటితిమి. దీపము ఎఱ్ఱబారి, ఇంజను దగ్గి, బండి నిలిచిపోయెను. వెనుకనుండి లారీలు దూసుకొని వచ్చుచుండెను. ఆ చీకటిలో మేమున్నట్లు వారికి తెలియుటకు మా చేతి టార్చి తప్ప వేరు ఆధారము లేకపోయెను. మఱునాడు ఒక వర్కుషాపువారు బ్యాటరీ పోయినదని క్రొత్తది వేసిరి. నెల తిరుగకమునుపే అదియు చచ్చెను. మఱియొకటి కొంటిమి. అదియు అంతే. తుదకు ఒక వృద్ధ మెకానిక్కు మీటరు పట్టి చూచి, ఎర్తు తీగ బోల్టు క్రింద త్రుప్పు పట్టినదని కనిపెట్టెను. దానిని గీకి బిగించుటకు పావుగంట పట్టినది. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు మేము రెండు బ్యాటరీల వెల ఊరక పోగొట్టుకొంటిమి.

వర్తకులమైన మనకు ఇది సులభముగా బోధపడవలసిన విషయము. బ్యాటరీ ఇనుపపెట్టె వంటిది. ఆల్టర్నేటరు రాబడి. దీపము, హారను, ఇగ్నిషను ఖర్చులు. రాబడి ఆగినపుడు పెట్టెను మార్చినంతమాత్రమున కొట్టు నడచునా? కావున మొదట లెక్క చూడవలెను.

హెడ్‌లైటు పైభాగమున అమ్మీటరున్న బండ్లలో అదియే మొదటి సాక్షి. ఇంజను ఆపి దీపము వేసినచో ముల్లు మైనస్‌వైపు పోవును. ఇంజను నడిపి వేగము పెంచినచో అది మధ్యకుగాని ప్లస్‌వైపునకుగాని రావలెను. నిలిచిన బండి మెల్లగా తిరుగుచున్నపుడు మైనస్‌లో ఉండుట రోగము కాదు. వేగమునందును మైనస్‌లోనే ఉన్నచో చార్జి అగుటలేదని తెలియవలెను.

తరువాత మల్టీమీటరు. నిండుగా చార్జిచేసి ఒక రాత్రి ఊరక ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గరాదు. 6 వోల్టులదైనచో 6.3 ఉండవలెను. చార్జిచేసినను ఇంత నిలువనిచో బ్యాటరీయే దోషి. నిలిచినచో ఇంజను నడిపి, వేగము పెంచి, దాని కొనలయొద్దనే మరల కొలువవలెను. 12 వోల్టుల బండిలో సుమారు 13.8 నుండి 14.5 వరకును, 6 వోల్టుల బండిలో 7 ప్రాంతమునను కనబడవలెను. అంకె పెరుగనిచో రాబడి లేదు. 12 వోల్టుల బండిలో 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. అప్పుడు బ్యాటరీ నీరు మరగి ఇగిరిపోవును, బల్బులు మాడిపోవును.

రాబడి లేనపుడు వెంటనే ఖరీదైన భాగములపై చేయి వేయరాదు. ముందు ఫ్యూజును, తీగల కొనలను, ఎర్తును చూడవలెను. ఇంజను నడచుచు దీపము వెలుగుచుండగా బ్యాటరీ ఎర్తు కొనకును ఇంజను లోహమునకును నడుమ కొలిచినపుడు అర వోల్టు కనబడినచో అచ్చట మురికియో త్రుప్పో ఉన్నట్లే. మా బండి రోగము ఇదియే.

అవి బాగున్నచో ఆల్టర్నేటరు తీగలను విడదీసి మీటరును ఏసీకి మార్చి, ఇంజను నడిపి కొలువవలెను. వేగముతోపాటు వోల్టులు పెరిగినచో దాని చుట్ట మంచిదే. తప్పు రెక్టిఫయరుదో రెగ్యులేటరుదో అయి ఉండును. రెక్టిఫయరులోని డయోడు విద్యుత్తును ఒక దిక్కునకే పోనీయవలెను. రెండు దిక్కులకు పోనిచ్చినను, ఏ దిక్కునకును పోనీయకున్నను, అది చెడినదే. ఆల్టర్నేటరునుండి వోల్టులే రానిచో చుట్ట కట్టించుకొనవలసినదే.

మూడు జాగ్రత్తలు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ తీయరాదు. చార్జి అగు బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును గనుక దగ్గర బీడీ వెలిగింపరాదు. దానిలో బావినీరు పోయక, డిస్టిల్డ్ వాటరే పోయవలెను.

ఆడికృత్తికనాడు తిరుత్తణి కొండకు కావడులు మోసికొని వేలాదిజనులు రాత్రివేళ ఈ దారినే కాలినడకన వత్తురు. మసక దీపముతో పోవు బండి తన ప్రాణముతోపాటు వారి ప్రాణమును గూడ పణముగా పెట్టుచున్నది. కనుక ఇది సొమ్మును గూర్చిన మాట మాత్రమే కాదు.

తుదకు ఒక ప్రతిపాదన. మన సంఘమునకు ఒక మల్టీమీటరు కొందము. దానిప్రక్క ఒక చిట్టాపుస్తకము ఉంచుదము. ఎవరి బండిలో ఏనాడు ఎన్ని వోల్టులు కనబడెనో, దోషమెక్కడ దొరకెనో, దానిలో తెలుగున వ్రాయుదము. మన పిల్లలకు తెలుగు వ్రాయు సందర్భములు తగ్గుచున్న ఈ కాలమున ఇదియు ఒక చిన్న పాఠశాల యగును. మొదటి పుటలో మా రెండు బ్యాటరీల కథను మేమే వ్రాసెదము.