రంగస్థల యోధుడు – కథారచన
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



నటులు కథలు వ్రాయుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. అందును రంగమున కత్తి పట్టి పోరాడు నటుని గూర్చి ముచ్చటింపదలచితిమి. వేషము కట్టువానికి పిల్లనిచ్చుటకు వెనుకాడువారు మనలో నేటికిని కలరు గనుక, ఇది కేవలము సాహిత్యవిషయము గాదు.

భరతముని శస్త్రప్రయోగమునకు భారతము, సాత్త్వతము, వార్షగణ్యము, కైశికము అని నాలుగు న్యాయములను నిర్దేశించెను. వీనియందు దెబ్బ వరుసగా నడుమున, పాదమున, ఱొమ్మున, శిరమున తగిలినట్లు అభినయింపవలెను. నిజముగా ఛేదింపరాదు, భేదింపరాదు, నెత్తురు చిందింపరాదు. చూచువాడు ఉలికిపడవలెను, ఎదుటివాడు మరునాడు మరల వేషము కట్టవలెను. ఒకని ప్రాణము మరొకని చేతిలో నుండు విద్య యిది. చులకన చేయుట మనకు తగునా?

ఈ విద్యనుండి కథకు వచ్చిన వాడొకడు కెనడాదేశమున నున్నాడు. పేరు సెబాస్టియన్ డి కాస్టెల్. పురాతత్త్వశాస్త్రము చదివి, త్రవ్వకములకు దిగిన నాలుగు గంటలకే ఆ పని తనకు గిట్టదని తెలిసికొంటినని ఆయన చెప్పుకొనును. పిదప సంగీతము, బోధనము, నటనము, రంగమున కత్తిపోరులు కూర్చుట మొదలగు వృత్తులు చేసెను. 2014లో 'ట్రెయిటర్స్ బ్లేడ్' అను నవలను ప్రకటించెను. 2017లో వెలువడిన 'టైరెంట్స్ థ్రోన్'తో ఆ నాలుగు నవలల వరుస పూర్తియయ్యెను. అందలి నాయకుడు ఫాల్సియో ఊరూర తిరిగి రాజుగారి చట్టప్రకారము తీర్పు చెప్పువాడు. ఆ తీర్పును నిలుపుటకు ద్వంద్వయుద్ధమునకును వెనుదీయనివాడు. రాజు హతుడైన పిదప వానిని, వాని తోడివారిని లోకము ద్రోహులని దూషించును. కావుననే అందలి కత్తిపోరు వట్టి గంతులు గాదు. న్యాయము గెలుచునో లేదో యన్న ప్రశ్నయే అక్కడ పోరాడుచుండును.

మన యువకులు గ్రహింపవలసినది యిదియే. కత్తి త్రిప్పు తీరు తెలిసినంతమాత్రమున కథ రాదు. ఎవడు ఏల పోరునో, ఓడినచో ఏమి పోగొట్టుకొనునో చదువరికి ముందే తెలియవలెను. పట్లపేళ్లు వరుసగా వల్లించినచో చదువరి పుస్తకము మూసివేయును.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ నాటకముతో వనారస గోవిందరావుగారు నెలకొల్పిన నాటకసంప్రదాయము తరతరములుగా నిలిచినది. నేటి చలనచిత్రములందు నాయకుని చేత దెబ్బలు తిని పడు 'ఫైటర్లు' ఎందరో కలరు. పడువాడొకడు, చప్పట్లందుకొనువాడొకడు. పడువాని నడుమునొప్పి, వాని యింటి అద్దె, వాని బిడ్డల చదువు ఎవరు వ్రాయుదురు? అనుభవించినవాడు వ్రాసినచో దానికి సాటి యుండదు.

కావున పోషకులకు మా విన్నపము. వైద్యము, ఇంజనీరింగు చదువు పిల్లలకు విద్యార్థివేతనము లిచ్చుట ఉచితమే. దానితోపాటు రంగజీవియై కథ వ్రాయువాని వ్రాతప్రతి యొక్కటి, పండితులు పరిశీలించి మెచ్చినచో, ఏటేట అచ్చువేయింపుడు. మా శిష్యుడని, మీ బంధువని చూడకుడు, వ్రాత చూడుడు. ఆ పుస్తకము మన యిండ్లలో చదువబడిన నాడు, వేషము కట్టువానికి పిల్లనిచ్చుటకు వెనుకాడు చేయి కొంత ముందునకు సాగునని మా యాశ.

ఇంతటితో విరమించుచున్నాము. స్వస్తి.