ముసలమ్మ చెరువు గట్టున



కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరిట మాట్లాడేవాళ్లు ఆయన విమర్శతోనో మాటల చురుకుతోనో మొదలుపెడతారు. నేను ఆయన చదువుకునే రోజుల్లో రాసిన ‘ముసలమ్మ మరణము’ దగ్గర ఆగుతాను. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే, ఊరిని కాపాడటానికి ఒక కోడలు ప్రాణమిచ్చిన కథ అది. పేరుకే ముసలమ్మ గాని ఆమె పడుచుపిల్ల. ఊరి బాగుకు ఎవరు మూల్యం చెల్లించారన్న ప్రశ్న ఆ కావ్యంలో ఉంది. విశ్వవిద్యాలయాన్ని కూడా అదే అడగాలని నా అభిప్రాయం.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, బెజవాడలో మొదలైంది. రెడ్డిగారే తొలి వైస్ ఛాన్సలర్. ఎక్కడ ఉండాలన్న పేచీ తేలి 1930కి విశాఖలోని వాల్తేరు చేరింది. ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన రాజీనామా చేశాక సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవికి వచ్చారు. 1936లో రెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. మధ్యలో యుద్ధం. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. పరిషత్తు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్లి, యుద్ధమయ్యాక తిరిగొచ్చింది.

కొండ మీద సైన్సు కళాశాల నిలబడటానికి జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలిచ్చారు. దాత పేరు గోడ మీద ఉంది, ఉండాల్సిందే. ఆ లక్ష ఎక్కడిది? జమీందారీ శిస్తు కదా! నేటి కొరాపుట్ ప్రాంతపు కొండల్లో దుక్కి దున్నినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్ల పిల్లల్లో ఎందరు ఆ ప్రయోగశాల గడప తొక్కారో లెక్క కట్టమని ఎవరూ అడగలేదు.

ఇంకో బాకీ దక్షిణాన ఉంది. రెడ్డిగారు చిత్తూరు జిల్లావారు, ఆయన కావ్యం అనంతపురానిది, పరిషత్తేమో విశాఖలో. దత్తమండలాల, అంటే రాయలసీమ, కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. తిరుపతికి విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, అనంతపురం శ్రీకృష్ణదేవరాయకు 1981 దాకా పట్టింది. గుంటూరులో తన పీజీ కేంద్రం 1976లో నాగార్జునగా విడిపోతుంటే వాల్తేరు పెద్ద మనసుతో విడిచిపెట్టింది. 1972లోనే దూరవిద్య మొదలుపెట్టి ఉద్యోగస్తులకూ, ఆడపిల్లలకూ డిగ్రీని ఇంటికి పంపింది. విస్తరణ అంటే ఇదే. భవనాల చదరపుటడుగులు చెప్పి నన్ను మెప్పించలేరు.

ఇక పొరుగు ఊళ్ల సంగతి. 1969లో గాంధీ శతజయంతికి జాతీయ సేవా పథకం పుట్టింది. మేమూ వారం రోజుల క్యాంపులకు వెళ్లాం. బడికి సున్నం కొట్టాం, రాత్రిళ్లు బుర్రకథ చెప్పాం. ఒక ఊళ్లో బోరునీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి ల్యాబులో ఫ్లోరైడు చూశాం. ఫలితాలతో ఒకాయన పేపరు రాశాడు. రెండేళ్లకు అటు వెళ్తే, టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన గుర్తుపట్టాడు. “ఏం బాబూ, మా నీళ్లు బాగున్నయ్యా లేవా, చెప్పకపోతిరే!” అన్నాడు. టీ గొంతు దిగలేదు. ఇంగ్లీషులో అచ్చైన ఆ నాలుగు అంకెలను తెలుగులో ఒక కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటించడానికి మాకు తీరిక లేకపోయింది. అందులో నా తప్పూ ఉంది.

ఊరు మనకు నీళ్లిస్తుంది, భూమిస్తుంది, సర్వేకు జవాబులిస్తుంది. బదులుగా మనం సర్టిఫికెట్లు పంచుకుంటాం, అదీ మనలో మనం. నియామకాలు ఆగిపోయి, పాఠాలు తాత్కాలిక అధ్యాపకుల మీద నడుస్తున్నప్పుడు ఊళ్ల గురించి ఎవరు ఆలోచిస్తారని మీరడగొచ్చు. న్యాయమే. అయినా ఫలితం తిరిగి చెప్పడానికి పెద్ద గ్రాంటేమీ అక్కర్లేదు.

2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి శాశ్వత స్థలం అనంతపురం జిల్లా జంతలూరులో ఇచ్చారు. జంతలూరు ఏ మండలంలోదో తెలుసా? బుక్కరాయసముద్రం. అక్కడ చేరే పిల్లలకు నాదొక మనవి. మొదటి వారంలోనే ముసలమ్మ చెరువు గట్టు ఎక్కండి. అక్కడి నీళ్లు పరీక్షించండి. తేలింది ఏదైనా సరే, ముందు ఆ ఊరివాళ్లకు చెప్పండి, తెలుగులో.