జంతికల గొట్టంలో బిళ్ల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నన్ను కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క పనిముట్టు గురించే చెబుతాను. దాని పేరు బైసన్. ఒక కంప్యూటర్ భాషకు వ్యాకరణ సూత్రాలు రాసిస్తే, ఆ భాషలోని వాక్యాలను విడదీసే ప్రోగ్రామును అదే రాసిపెడుతుంది. తెలుగు మాస్టారు వాక్యం ఇచ్చి కర్త, కర్మ, క్రియ గుర్తించమనేవారు చూడండి, ఇంచుమించు ఆ పనే. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ యాక్ అనే పనిముట్టు తయారుచేశారు. తర్వాతి దశకంలో రాబర్ట్ కార్బెట్ బైసన్ రాశారు, యాక్ సూత్రాలు అందులోనూ నడిచేలా రిచర్డ్ స్టాల్‌మన్ మలిచారు. పీహెచ్‌పీ భాషకూ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌కూ వాక్యాలు విడదీసే భాగం దీనితోనే తయారవుతుంది.

ఇది ఓపెన్ సోర్స్, అంటే అందరిదీ. ఊరి చెరువు కూడా అందరిదే. పూడిక తీసేవాళ్లే కొద్దిమంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రాత్రి మా ప్రోగ్రాములో తప్పు దొరికింది. వ్యాకరణం ఫైలు జోలికి పోకుండా, బైసన్ రాసిచ్చిన ప్రోగ్రామునే చేత్తో దిద్దేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలకు మరో కుర్రాడు వ్యాకరణంలో ఇంకేదో మార్చి బైసన్‌ను మళ్లీ నడిపాడు. నా దిద్దుబాటు మాయమైంది, పాత తప్పు తిరిగొచ్చింది. నింద అతని మీద పడింది. నేను నోరు విప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అతను నా పక్క కుర్చీలోనే కూర్చుని వెతుకుతున్నాడు.

జంతిక వంకరగా వస్తుంటే గొట్టంలో బిళ్ల మార్చాలి గాని, మూకుడులో పడ్డవాటిని ఒక్కొక్కటే సరిచేస్తామా?

అయితే బైసన్‌ను చూసుకునేవాళ్ల కష్టం వేరు. వాళ్లు బిళ్ల మారిస్తే ఊరందరి జంతికలూ మారిపోతాయి. అందుకే భయపడుతూ మారుస్తారు. విడదీసే ప్రోగ్రాముకు మన విలువలు అందించే ఒక పాత పద్ధతి ఉండేది. దానికి కాలం చెల్లిందని 1.875 వెర్షన్‌తో, 2003లో చెప్పారు. తీసేసింది 2013లో, 3.0 వచ్చినప్పుడు. పదేళ్లు ఆగారు! అప్పుడు మా పాత ఫైలు ఒకటి ఆగిపోతే, చెప్పాపెట్టకుండా తీసేశారని నేనే అందరికంటే గట్టిగా విసుక్కున్నాను. మార్పుల చిట్టాలో ఆ మాట ఎప్పటినుంచో ఉంది. నేను చదవలేదు, అంతే. జీతం లేకుండా పనిచేసేవాళ్లను తిట్టడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది.

రేపు మధ్యాహ్నం దాకా మన కంప్యూటర్ గదిలో ఉంటాను. పదో తరగతి పిల్లలు రండి, లెక్కలు చేసే చిన్న ప్రోగ్రాముకు వ్యాకరణం రాద్దాం. 2+3×4 అని ఇస్తే 20 అంటుంది, చూడండి. ఎక్కడ దిద్దాలో మీరే చెప్పాలి.