కిటికీ లేని గదిలో గాలి

(సంగంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడకుండా ఈయన గాలి కబుర్లు మొదలుపెట్టాడేమిటని మీకు అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. మనలో చాలామందిమి రిటైరైన తర్వాత పిల్లల ఇళ్లలో ఉంటున్నాము. వీధివైపు గది కొడుకూ కోడలికి, పక్కది చదువుకునే పిల్లలకు పోగా మనకు మిగిలేది నడిమి గది. అటూ ఇటూ పొరుగువారి గోడలు. కిటికీ ఉండదు. రోజులో ఎక్కువసేపు ఆ గదిలో ఉండేదీ మనమే.

మన పెద్దలు కూడా కిటికీలు లేని గదులు కట్టారు. కారణం దొంగల భయం, ఎండ భయం. కానీ మట్టి మిద్దెకు పైన గవాక్షం వదిలారు. వేడిగాలి తేలిక గనుక అందులోంచి పైకి పోయేది. దాని చోటులోకి వాకిలి నుంచి చల్లగాలి వచ్చేది. వాన వస్తే మూత పెట్టేవారు. స్లాబు వచ్చాక గవాక్షం పోయింది. కిటికీ మాత్రం రాలేదు.

1985లో మండలాలు రాకముందు నేను పనిచేసిన ఒక తాలూకా కచేరీలో రికార్డు రూముకు ఒకటే తలుపు. మధ్యాహ్నమయ్యేసరికి ఆవలింతలు, తలనొప్పి. సోమరితనమని పైఅధికారి మందలించేవారు. నిజానికి అది గాలి లోపం.

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పెటెన్‌కోఫర్ అనే శాస్త్రజ్ఞుడు 1858లోనే దీనికి లెక్క కట్టాడు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువు గది గాలిలో పది లక్షల వంతులకు వెయ్యి వంతులు దాటితే ఆ గది మనిషికి తగదన్నాడు. బయటి గాలిలో ఇప్పుడది సుమారు 420 వంతులు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో తలుపు బిగించుకుని ఇద్దరు పడుకుంటే గంట తిరిగేసరికే ఆ వెయ్యి దాటిపోతుంది. మనిషికి సెకనుకు 10 లీటర్ల కొత్త గాలి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అంటే ఆ గదిలో ఇద్దరుంటే గంటకు రెండుసార్లకు పైగా గాలి మారాలి.

ఎలా మారుతుంది? మన భాషలో చెబుతాను. ఇన్‌వర్డు, ఔట్‌వర్డు రెండూ ఉండాలి. ఎగ్జాస్టు ఫ్యాను పైన బిగించి తలుపు గట్టిగా వేసుకుంటే ఫ్యాను తిరుగుతుందే గాని గాలి కదలదు. తలుపు కింద రెండంగుళాల సందైనా, జాలీ అయినా ఉండాలి. ఫ్యానుకు బయటి గోడ దొరకకపోతే పైఅంతస్తులో స్లాబు గుండా గొట్టం తీసి, వాన పడకుండా టోపీ పెట్టించవచ్చు. గోడకు కన్నం వేసేముందు మేస్త్రీని అడగండి. అదీ కుదరకపోతే హాలు కిటికీలు తెరిచి, గది గడపలో టేబుల్ ఫ్యాను హాలు వైపు తిప్పి పెట్టండి. లోపలి గాలిని అది నెడుతుంది. వేసవిలో తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక ఈ పని చేయాలి.

సీలింగు ఫ్యాను ఉన్న గాలినే కలియతిప్పుతుంది. మామూలు స్ప్లిట్ ఏ.సి. ఉన్న గాలినే చల్లబరుస్తుంది. సెంటు స్ప్రే వాసనను కప్పుతుంది, అంతే. కుండీ మొక్కల మీద 1989లో అమెరికా నాసా వారి పరిశోధన వచ్చాక మనీ ప్లాంటు పెడితే చాలనే నమ్మకం పెరిగింది. మూసిన చిన్న పెట్టెల్లో చేసిన పరీక్షలవి. ఇంటి గాలి శుభ్రపడాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు కావాలని 2019లో మరో సమీక్ష తేల్చింది. మొక్క అందానికి ఉంచుకోండి.

ఇక ముఖ్యమైన మాట. ఆ గదిలో ఏదీ కాల్చవద్దు. ఒక దోమల చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదానితో సమానమని 2003లో ఒక పరిశోధన చెప్పింది. దోమతెర కట్టుకోండి. బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టడం ఇంకా ప్రమాదం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మనవరాలి పురుడు మన ఇంట్లో జరిగితే ఈ మాట చెప్పవలసింది మనమే.

క్షయ, కరోనా కూడా గాలి ఆడని గదుల్లోనే ఎక్కువగా అంటుకుంటాయి. పెరూ దేశపు లీమా నగరంలో ఆసుపత్రులను పరీక్షించి 2007లో ప్రకటించారు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత వార్డుల్లో తలుపులు, కిటికీలు తెరిస్తే యంత్రాలతో గాలి ఆడించే కొత్త గదుల కంటే గాలి బాగా మారిందట. 2021లో మనం పోగొట్టుకున్న మిత్రులను తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

మిత్రులారా, పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ రోజును మనం పండుగ చేసుకుంటున్నాము. పెన్షన్ కోసం అర్జీలు పెట్టిన మనం, గదిలో గాలి కోసం కొడుకును అడగడానికి మొహమాటపడుతున్నాము. ఖర్చెందుకులే, ఇంకెన్నాళ్లులే అనుకుంటున్నాము. అలా అనుకోవద్దు. ఒక ఫ్యాను, తలుపు కింద ఒక జాలీ, అంతే మనం అడిగేది. మన తర్వాత ఆ గదిలో చదువుకోబోయేది మన మనవలే.