సంతకం పెట్టే ముందు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు వేదికపై ఉన్నారు. నేను ఈ రోజు కొండలెక్కడం గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈ మోకాళ్లతో మనల్ని ఎక్కమని కాదు. ఎక్కుతామంటున్న మన మనవళ్లు, మనవరాళ్ల గురించి.

హైదరాబాదు చుట్టూ ఉన్న గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు శిలలు. నగరానికి సుమారు 50 కి.మీ. దూరంలో ఉన్న భువనగిరి కోట 500 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల మీద ఉంది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో త్రిభువనగిరి అయి, క్రమంగా భువనగిరిగా మారింది. మూసీ నది పుట్టిన అనంతగిరి అడవుల్లో ట్రెక్కింగుకు వెళ్తారు. నగరంలోనే ఖాజాగూడ గుట్టల మీద బండలెక్కే యువతీ యువకులు కనిపిస్తారు.

ఈ బండల నుంచి ఎంత దూరం వెళ్లవచ్చో మాలావత్ పూర్ణ చూపించింది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన కూలీల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. తొలి శిక్షణ భువనగిరి బండ మీదనే.

రెండో వైపు కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం కోల్పోయాడు. కనుక భయపడే పెద్దలను తప్పు పట్టలేము.

మా మనవరాలు ఇంటర్ చదువుతూ మా దగ్గరే ఉంటోంది. "తాతయ్యా, భువనగిరిలో శిక్షణకు వెళ్తాను" అంటూ గార్డియన్ అనుమతి పత్రం తెచ్చింది. ప్రమాదం జరిగితే నిర్వాహకులకు బాధ్యత లేదని చివర చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆవిడ "ఆడపిల్లకు కొండలేమిటండీ" అంది. మా అబ్బాయి ఫోనులో "మీరే చూసి చెప్పండి నాన్నా" అన్నాడు. గుమాస్తాగా పనిచేసినవాడిని, చదవకుండా సంతకం పెట్టడం, విచారించకుండా ఫైలు తిప్పి పంపడం రెండూ నాకు అలవాటు లేవు. వారం రోజులు గడువు అడిగి, తెలిసినవారిని కనుక్కుని, నాలుగు ప్రశ్నలు రాసుకున్నాను.

ఒకటి, నేర్పేవారి అర్హత. డార్జిలింగులో, ఉత్తరకాశిలో పర్వతారోహణ సంస్థలు ఉన్నాయి. అక్కడ బేసిక్, అడ్వాన్స్ కోర్సుల తర్వాత, ఇతరులకు నేర్పే విధానంపై ప్రత్యేక కోర్సు ఉంటుంది. బాగా ఎక్కేవాడు బాగా నేర్పుతాడని లేదు. సర్టిఫికెట్ చూపమని అడగాలి.

రెండు, సామగ్రి. హెల్మెట్ అందరికీ ఉందా? తాడు నైలానుది. పైకి బాగానే కనిపించినా ఎండకు, రాపిడికి, కాలం గడిచే కొద్దీ బలం తగ్గుతుంది. ఎప్పుడు కొన్నారో, ఎంత వాడారో రిజిస్టరు ఉందా? పైన తాడును ఒకే చోట కడుతున్నారా, వేరువేరుగా రెండు చోట్ల కడుతున్నారా?

మూడు, తనిఖీ. ఎక్కేవారి నడుముకట్టు బకిలును, ముడిని కింద తాడు పట్టే మనిషి ప్రతిసారీ చూడాలి. మన ఆఫీసుల్లో ఒకరు రాసిన బిల్లు మరొకరు సరిచూసేవారు కదా, అలాగే. తాడు పట్టుకుని దిగేటప్పుడు తాడు కొసన ముడి ఉందా అన్నదీ ముఖ్యమే. ముడి లేకపోతే కొస దాటి జారిపోతారు.

నాలుగు, ఎండ, వాన, తేనెటీగలు. మధ్యాహ్నానికి బండ కాలిపోతుంది, తడిస్తే జారుతుంది. తేనెపట్టు ఉన్నచోట పొగ, సెంటు వాసన, కేకలు పనికిరావు. దెబ్బ తగిలితే ఏ బండిలో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో ముందే చెప్పగలగాలి.

మొదట అడిగినచోట "ఏమీ కాదు సార్" అన్నారు. అది జవాబు కాదు. రెండోచోట శిక్షకుడు కూర్చోబెట్టి, సర్టిఫికెట్, తాళ్ల రిజిస్టరు రెండూ తెచ్చి చూపించాడు. అక్కడ సంతకం పెట్టాను. పిల్ల మోచేతులు గీసుకుని వచ్చింది. "ఎక్కేటప్పుడు కాదు తాతయ్యా, దిగడానికి వెనక్కి వాలమన్నప్పుడు భయమేసింది" అంది. అయినా దిగింది.

మిత్రులారా, తాడు కట్టుకున్న పిల్లకన్నా, ఇంట్లో చెప్పకుండా పాడుబడ్డ క్వారీ గుంతలో ఈతకు దిగిన పిల్లవాడికే నాకు భయం ఎక్కువ. నిటారు గట్లు, తెలియని లోతు, పైకి రావడానికి పట్టు దొరకదు. మనం ఊరికే వద్దంటే చెప్పకుండా వెళ్తారు. విచారించి పంపితే, తర్వాత ఎక్కడికి వెళ్లినా చెప్పి వెళ్తారు.

మరొక్క మాట. నగరం పెరిగే కొద్దీ ఎన్నో గుట్టలను పేల్చి చదును చేశారు. వీటిని కాపాడాలని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వారు కృషి చేస్తున్నారు. అర్జీ రాయడంలో మనకున్న అనుభవం ఇలాంటి పనికి ఉపయోగపడాలి. మన వీధి చివర గుట్ట మీద డ్రిల్లింగు మొదలైతే, అనుమతి ఉందా అని ఒక కాగితం రాసి అడుగుదాం.

ఈ నాలుగు ప్రశ్నలను కాగితం మీద రాసి సంఘ కార్యాలయంలో ఇచ్చాను. కావలసినవారు కాపీ తీసుకోవచ్చును.